సింగపూర్‌లో కంపెనీ పెట్టాలి: వాటాలు మా పేర్ల మీదా, ఇక్కడి ప్రైవేట్ లిమిటెడ్ పేరు మీదా?

ప్రొడక్ట్‌రాజు

అందరికీ నమస్కారం. ఇండియాలో మా ఇద్దరి సాఫ్ట్‌వేర్ ప్రైవేట్ లిమిటెడ్ ఉంది. ఆడిట్ అయిన చివరి బ్యాలెన్స్ షీట్ ప్రకారం నెట్‌వర్త్ (షేర్ క్యాపిటల్, మిగులు కలిపి కంపెనీ సొంత సొమ్ము) 9 లక్షలు. ఇండోనేషియా, మలేషియా కస్టమర్లు సింగపూర్ కంపెనీతో అయితేనే ఒప్పందం చేసుకుంటామంటున్నారు. అక్కడ కంపెనీ పెట్టి మొత్తం 60 లక్షల దాకా పంపాలని ఆలోచన.

తేల్చుకోవాల్సినవి ఇవి. వాటాలు మా ఇద్దరి పేర్ల మీద ఉండాలా, మా కంపెనీ పేరు మీదా? ఇండియా నుంచి కదలకుండా రిజిస్ట్రేషన్ అవుతుందా? డబ్బు ఎప్పుడు, ఏ దారిలో పంపాలి? రేపు ఎవరైనా ఇన్వెస్టర్ వస్తే సింగపూర్ కంపెనీని పైన పెట్టి, ఇండియా కంపెనీని దాని కింద సబ్సిడరీగా (అనుబంధ కంపెనీగా) మార్చుకోవచ్చా? కొత్త కంపెనీలకు అక్కడ మూడేళ్లు పన్ను రాయితీ ఉందని, వాటాలు వ్యక్తుల పేర్ల మీద ఉంటేనే అది వస్తుందని ఒక ఏజెంటు చెప్పారు. అందుకే మా పేర్ల వైపు మొగ్గుతున్నాం.

---

ఫెమా_ఫైలు

రాజు గారూ, సింగపూర్‌లో రిజిస్ట్రేషన్ పెద్ద పని కాదు. చిక్కంతా ఇక్కడి ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనలతోనే. 2022 ఆగస్టు 22 నుంచి ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ రూల్స్ కొత్తవి వచ్చాయి. వాటి ప్రకారం విదేశంలోని అన్‌లిస్టెడ్ కంపెనీలో ఒక్క షేరు కొన్నా అది ఓడీఐ (విదేశాల్లో ప్రత్యక్ష పెట్టుబడి) కిందకే వస్తుంది. "చిన్న మొత్తమే కదా" అన్న మినహాయింపు లేదు.

ముందు వాటాల సంగతి. మీ పేర్ల మీద తీసుకుంటే డబ్బు ఎల్ఆర్ఎస్ (వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపుకునే రిజర్వ్ బ్యాంక్ పథకం) దారిలో వెళ్తుంది. ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 అమెరికన్ డాలర్ల పరిమితి. పిల్లల చదువు, విదేశీ ప్రయాణం, అమెరికా షేర్లు అన్నీ ఇందులోనే లెక్క. చెరో 30 లక్షలు అంటే పరిమితికి ఇబ్బంది లేదు. కాకపోతే టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పడుతుంది: ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం. అంటే 30 లక్షలు పంపే మనిషి ఖాతాలో 34 లక్షలు ఉండాలి. ఆ 4 లక్షలు రిటర్న్‌లో సర్దుబాటు అవుతాయి గానీ అప్పటిదాకా చేతిలో ఉండవు. ఇద్దరికీ కలిపి 8 లక్షలు ఆగిపోతాయి.

దానికంటే గట్టి అడ్డంకి ఇంకొకటుంది. కంట్రోల్ వ్యక్తి చేతిలో ఉంటే, ఆ విదేశీ కంపెనీకి సబ్సిడరీ ఉండకూడదు. కంట్రోల్ అంటే 51 శాతమే అనుకోకండి. డైరెక్టర్లలో ఎక్కువ మందిని నియమించే హక్కు, లేదా మేనేజ్‌మెంటును, విధాన నిర్ణయాలను నడిపించే హక్కు ఉంటే అది కంట్రోల్. ఆ హక్కు 10 శాతం ఓటింగ్ ఇచ్చే షేర్ల వల్ల వచ్చినా, ఒప్పందం వల్ల వచ్చినా, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక్క మాట మీద నడిపినా లెక్కలోకి వస్తుంది. కాబట్టి మీ ఇద్దరి పేర్ల మీద సింగపూర్ కంపెనీ ఉండి, దాని కింద ఇండియా కంపెనీ అనే నిర్మాణం కుదరదు. మీ నాలుగో ప్రశ్నకు జవాబు ఇదే. రేపు జకార్తాలో సబ్సిడరీ తెరవాలన్నా ఇదే అడ్డు వస్తుంది. చాలామంది ఇన్వెస్టర్ టర్మ్ షీట్ (పెట్టుబడి షరతుల పత్రం) ఇచ్చాక ఈ నిబంధన చూస్తారు. అప్పటికి నిర్మాణం మార్చాలంటే షేర్ల బదిలీ, వాల్యుయేషన్, క్యాపిటల్ గెయిన్స్ అన్నీ ఒకేసారి మీద పడతాయి.

కంపెనీ పేరు మీద తీసుకుంటే టీసీఎస్ లేదు, కింద సబ్సిడరీలు పెట్టుకోవచ్చు. అయితే పరిమితి నెట్‌వర్త్‌కు 400 శాతం. మీకు 9 లక్షలు కాబట్టి 36 లక్షల దాకానే వెళ్లగలరు. షేర్లకు పంపింది, అప్పుగా ఇచ్చింది, ఇచ్చిన గ్యారంటీలు అన్నీ ఆ 36 లోకే వస్తాయి. 60 లక్షలకు 15 లక్షల నెట్‌వర్త్ కావాలి. అంటే మీ ఇద్దరూ ఇండియా కంపెనీలో మరో 6 లక్షలు షేర్ క్యాపిటల్‌గా వేస్తే చాలు. డైరెక్టర్ల అప్పుగా వేస్తే నెట్‌వర్త్ పెరగదు, షేర్లుగానే రావాలి. పెరిగిన నెట్‌వర్త్ ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీట్‌లో కనబడాలి, ఆ షీట్ తేదీ లావాదేవీ నాటికి 18 నెలలకు మించి పాతబడి ఉండకూడదు. మార్చి దాకా ఆగకుండా మధ్యలో ఆడిట్ చేయించిన బ్యాలెన్స్ షీట్ తీసుకుంటారేమో మీ బ్యాంకును ముందే అడగండి.

నూరు శాతం మీ కంపెనీదే అయితే కంపెనీల చట్టం సెక్షన్ 186 (కంపెనీ వేరే కంపెనీలో పెట్టే డబ్బుకు పరిమితి పెట్టేది) కింద స్పెషల్ రిజల్యూషన్ అవసరం పడదు. బోర్డు సమావేశంలో హాజరైన డైరెక్టర్లందరూ ఒప్పుకుని తీర్మానం చేస్తే సరిపోతుంది. ఇంకొకరికి కాస్త వాటా ఇచ్చినా ఆ మినహాయింపు పోతుంది. మీ నెట్‌వర్త్‌కు ఆ సెక్షన్ పరిమితి వెంటనే దాటుతుంది కాబట్టి వాటాదారుల స్పెషల్ రిజల్యూషన్, దాన్ని కంపెనీల రిజిస్ట్రార్‌కు తెలిపే ఎంజీటీ-14 ఫారం తప్పవు.

ఇక డబ్బు. విదేశీ కంపెనీకి రిజర్వ్ బ్యాంక్ ఇచ్చే యూఐఎన్ నంబర్ ముందుగా రావాలి. డబ్బు పంపడం, షేర్లు చేతికి రావడం – ఈ రెంటిలో ఏది ముందైతే దానికంటే ముందు. నూటికి తొంభై మంది దీన్ని తలకిందులుగా చేస్తారు: ఏజెంటు 10,000 డాలర్ల పెయిడప్ క్యాపిటల్ (చెల్లించిన మూలధనం) చూపించి కంపెనీ రిజిస్టర్ చేసేస్తాడు, షేర్లు మీ పేరున ఎక్కేస్తాయి, అప్పుడు బ్యాంకుకు వెళ్లి ఫారం ఎఫ్‌సీ (విదేశీ పెట్టుబడిని రిజర్వ్ బ్యాంక్‌కు తెలిపే ఫారం) అడుగుతారు. "డబ్బు వెళ్లకుండా పెయిడప్ ఎలా అయింది, ఎవరు కట్టారు?" అని బ్యాంకు అడిగితే జవాబు ఉండదు. అక్కడి స్నేహితుడితో కట్టించడం అంతకన్నా తప్పు.

సరైన వరస ఇది. ఏజెంటుకు అడ్వాన్స్ ఇవ్వక ముందే మీ బ్యాంకులో ఫెమా వ్యవహారాలు చూసే డెస్క్‌తో మాట్లాడండి, మామూలు బ్రాంచి కౌంటర్‌తో కాదు. సింగపూర్‌లో పేరు ఆమోదం తీసుకోండి, అది 120 రోజులు నిలుస్తుంది. ఆ ఆమోదం, ముసాయిదా కాన్‌స్టిట్యూషన్ (కంపెనీ నియమావళి), బోర్డు తీర్మానం, స్టాట్యుటరీ ఆడిటర్ సర్టిఫికెట్, ఫారం ఎఫ్‌సీ బ్యాంకుకు ఇవ్వండి. కొన్ని బ్యాంకులు రిజిస్ట్రేషన్ కాకముందు యూఐఎన్‌కు పంపడానికి వెనకాడతాయి. అలాంటప్పుడు ఇన్‌కార్పొరేషన్ నాటి క్యాపిటల్‌ను నామమాత్రంగా ఉంచి, అసలు మొత్తాన్ని తర్వాతి అలాట్‌మెంట్‌గా (షేర్ల కేటాయింపుగా) పెట్టుకునే దారి గురించి బ్యాంకుతో రాతపూర్వకంగా తేల్చుకోండి. నోటిమాట మీద నడవద్దు. తర్వాత ఆ ఫైలు చూసేది వేరే ఉద్యోగి కావచ్చు.

పంపిన తేదీ నుంచి ఆరు నెలల్లో షేర్ సర్టిఫికెట్ బ్యాంకుకు చేరాలి, లేదంటే డబ్బు వెనక్కి రప్పించాలి. ఒక యూఐఎన్‌కు ఒకే బ్యాంకు. మీ వేరే ఖాతాలోంచి పంపితే ఆ రిమిటెన్స్ రిజర్వ్ బ్యాంక్ రికార్డులో పెట్టుబడిగా ఎక్కదు.

---

సెక్రటరీ_ఎస్‌జీ

సింగపూర్ వైపు సంగతి చెప్తాను. రిజిస్ట్రేషన్‌కు మీరు రావాల్సిన పని లేదు. సింగ్‌పాస్ (అక్కడి డిజిటల్ గుర్తింపు) లేని విదేశీయులు కంపెనీల రిజిస్ట్రేషన్ పోర్టల్ అయిన బిజ్‌ఫైల్‌లో నేరుగా దరఖాస్తు పెట్టలేరు కాబట్టి రిజిస్టర్డ్ ఫైలింగ్ ఏజెంటు కావాలి. ప్రభుత్వ ఫీజు పేరుకు 15, ఇన్‌కార్పొరేషన్‌కు 300 సింగపూర్ డాలర్లు. మిగతాదంతా ఏజెంటు సేవలకే, కోట్ తీసుకునేటప్పుడు ఈ 315ని విడిగా చూపించమనండి. కనీస పెయిడప్ ఒక్క డాలర్ చాలు. రిజిస్టర్డ్ ఆఫీసు సింగపూర్ చిరునామాలో ఉండాలి, పోస్ట్ బాక్స్ పనికిరాదు. సెక్రటరీని ఆరు నెలల్లోపు పెట్టాలి. ఒకే డైరెక్టర్ ఉన్న కంపెనీలో ఆయనే సెక్రటరీ కాలేరు.

అసలు సమస్య లోకల్ డైరెక్టర్. కనీసం ఒక్క డైరెక్టరైనా సింగపూర్‌లో మామూలుగా నివసించే వ్యక్తి అయ్యుండాలి. మీకెవరూ లేకపోతే నామినీ డైరెక్టర్ (ఫీజు తీసుకుని పేరుకు డైరెక్టర్‌గా ఉండే స్థానికుడు) సేవ కొనుక్కుంటారు. 2025 జూన్ 9 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం వ్యాపారంగా నామినీగా ఉండే వ్యక్తిని రిజిస్టర్డ్ కార్పొరేట్ సర్వీస్ ప్రొవైడరే ఏర్పాటు చేయాలి, ఆ వ్యక్తి అర్హుడని వాళ్లే చూసుకోవాలి. "మా బంధువు ఊరికే సంతకం పెడతాడు" అనేవారు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: నామినీ అయినా చట్టం దృష్టిలో పూర్తి బాధ్యత ఉన్న డైరెక్టరే. రిటర్న్ ఆలస్యమైతే నోటీసు ఆయన ఇంటికి వెళ్తుంది. నామినీ సేవ ఇచ్చేవారు డిపాజిట్, ఇండెమ్నిటీ లెటర్ (నష్టం వస్తే మేమే భరిస్తామన్న హామీ) అడిగేది ఇందుకే. డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారో, రాజీనామాకు ఎన్ని రోజుల నోటీసో ఒప్పందంలో చూడండి. ఉన్న ఒక్క లోకల్ డైరెక్టర్ తప్పుకుంటే కంపెనీ చట్టాన్ని ఉల్లంఘించినట్టే.

మీరే వచ్చి ఉండాలనుకుంటే షేర్లున్నంత మాత్రాన పని చేసే హక్కు రాదు. ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కు (పని అనుమతికి) కనీస జీతం 2025 జనవరి నుంచి నెలకు 5,600 సింగపూర్ డాలర్లు, వయసును బట్టి పెరుగుతుంది. పైగా కంపాస్ అనే పాయింట్ల పరీక్షలో 40 పాయింట్లు రావాలి. కొత్త కంపెనీ, ఆదాయం లేదు, దరఖాస్తుదారే యజమాని అంటే తేలిగ్గా రాదు.

బ్యాంకు ఖాతా దగ్గర ఓపిక పట్టాలి. పైనున్న వాటాదారు ఇండియా కంపెనీ అయితే దాని సర్టిఫికెట్, మెమోరాండం, ఆర్టికల్స్, అసలు యజమానుల పాస్‌పోర్టులు, చిరునామా రుజువులు అడుగుతారు. రెండు దేశాలూ అపోస్టిల్ (పత్రాల ధ్రువీకరణ) ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి ఎంబసీ ముద్ర అక్కర్లేదు, అపోస్టిల్ చాలు. దరఖాస్తులో వ్యాపార వివరణను "ఐటీ సేవలు" అని రెండు ముక్కల్లో రాస్తే ప్రశ్నల మీద ప్రశ్నలు వస్తాయి. కస్టమర్లు ఏ దేశాల వాళ్లు, ఇన్వాయిస్ ఎంత ఉంటుంది, డబ్బు ఎక్కడికి వెళ్తుంది అన్నది సంతకమైన ఒప్పందంతో సహా పెట్టండి. ఖాతా తెరుచుకునే దాకా ఇండియా నుంచి డబ్బు కదిలించవద్దు. ఏజెంటు క్లయింట్ ఖాతాలోకి పంపమని సలహా వస్తే ఒప్పుకోకండి.

పన్ను రాయితీ గురించి ఏజెంటు సగమే చెప్పారు. అక్కడ రేటు 17 శాతం. కొత్త కంపెనీలకు మొదటి మూడు అసెస్‌మెంట్ సంవత్సరాలు మొదటి లక్ష డాలర్ల లాభంలో 75 శాతం, తర్వాతి లక్షలో 50 శాతం మినహాయింపు. వాటాదారులు 20 మందికి మించకూడదు. అందరూ వ్యక్తులై ఉండాలి, లేదా కనీసం ఒక వ్యక్తికి 10 శాతం ఉండాలి. ఇంతవరకు నిజం. కానీ ఆ రాయితీ రాకపోయినా మామూలు పాక్షిక మినహాయింపు అందరికీ ఉంది: మొదటి 10,000లో 75 శాతం, తర్వాతి 1,90,000లో 50 శాతం. లెక్క వేయండి. రెండు లక్షల లాభం మీద కొత్త కంపెనీకి 1,25,000 మినహాయింపు, మామూలు కంపెనీకి 1,02,500. తేడా 22,500, దాని మీద 17 శాతం అంటే 3,825 డాలర్లు. ఎంత లాభం వచ్చినా ఏడాదికి అంతకు మించి మిగలదు. మూడేళ్లకు 11,475. దీనికోసం మీ వాటాల నిర్మాణం మొత్తం వంచుకోవడం నష్టం.

ఇంకో షరతు ఉంది, ఏజెంట్లు దాదాపు ఎప్పుడూ చెప్పరు. ఆ రాయితీకి కంపెనీ సింగపూర్ ట్యాక్స్ రెసిడెంట్ అయ్యుండాలి. అక్కడ రిజిస్టర్ అయినంత మాత్రాన రెసిడెంట్ కాదు, కీలక నిర్ణయాలు ఎక్కడ తీసుకుంటున్నారన్నది చూస్తారు. ఇద్దరు డైరెక్టర్లూ ఇండియాలో ఉండి, అక్కడ నామినీ ఒక్కరే ఉంటే రెసిడెన్సీ సర్టిఫికెట్ సాధారణంగా రాదు. మీకు ఇది 3,825 డాలర్ల కంటే పెద్ద దెబ్బ: ఇండోనేషియా కస్టమర్ రాయల్టీ, సేవల చెల్లింపుల మీద విదేశీ సంస్థకు 20 శాతం కోసుకుంటాడు. రెండు దేశాల పన్ను ఒప్పందంలోని తక్కువ రేటు కావాలంటే ఆ సర్టిఫికెట్ చూపాలి. ధర కోట్ చేసే ముందే ఈ కోతను లెక్కలో పెట్టుకోండి.

---

లెడ్జర్_08

ఖర్చు గురించి ఒక్క ముక్క. సింగపూర్‌లో చిన్న కంపెనీలకు ఆడిట్ అక్కర్లేదు. ఆదాయం కోటి డాలర్లు, ఆస్తులు కోటి డాలర్లు, ఉద్యోగులు 50 మంది – ఈ మూడింటిలో రెండు దాటకపోతే మినహాయింపే. ఆడిట్ ఫీజు బడ్జెట్‌లో వేసుకోనక్కర్లేదు.

---

ఆడిట్‌గది

పై మాట సింగపూర్ చట్టం వరకు సరే, రాజు గారి విషయంలో మాత్రం వర్తించదు. పైగా ఆ కొలతలు గ్రూపు మొత్తానికి కలిపి కూడా చూస్తారు. అసలు కారణం వేరు: ఇండియా వైపు ఏటా ఇవ్వాల్సిన ఏపీఆర్ (విదేశీ కంపెనీ పనితీరు నివేదిక) ఆడిట్ అయిన లెక్కల మీదే ఇవ్వాలి. ఆడిట్ కాని లెక్కలతో ఇవ్వాలంటే రెండు షరతులూ కలవాలి: ఆ దేశ చట్టం ఆడిట్ అడగకూడదు, మీకు కంట్రోల్ ఉండకూడదు. మీకు నూరు శాతం కంట్రోల్ ఉంది. కాబట్టి ఆడిట్ తప్పనిసరి. సింగపూర్ ఆడిట్ కోట్ మొదటి ఏడాది బడ్జెట్‌లోనే వేసుకోండి. ఇది తెలియక రెండేళ్ల తర్వాత పాత లెక్కలకు ఆడిటర్‌ను వెతికితే ఎక్కువ ఫీజు అడుగుతారు. ఓపెనింగ్ బ్యాలెన్స్ తాము చూడలేదని రిపోర్టులో క్వాలిఫికేషన్ (అభ్యంతరం) కూడా రాస్తారు.

ఏపీఆర్ గడువు ఏటా డిసెంబరు 31. సింగపూర్ కంపెనీ ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగిస్తే అదే ఏడాది డిసెంబరు 31 లోపు. డిసెంబరు 31తో ముగిస్తే తర్వాతి ఏడాది డిసెంబరు 31 దాకా సమయం. రెండోది సుఖంగా కనిపిస్తుంది గానీ వాటాదారు ఇండియా కంపెనీ అయితే నేను మార్చినే సూచిస్తాను. ఇక్కడ కన్సాలిడేటెడ్ (రెండు కంపెనీలవీ కలిపిన) లెక్కలు తీయాలి, తేదీలు కలవకపోతే ప్రతి ఏటా ఆ మూడు నెలల తేడా సర్దడమే ఒక పని. మొదటి ఆర్థిక సంవత్సరాన్ని 12 నెలలకు మించనివ్వకండి.

ఏపీఆర్ కాక, జులై 15 లోపు మీ ఇండియా కంపెనీ ఎఫ్ఎల్ఏ రిటర్న్ (విదేశీ ఆస్తులు, అప్పుల లెక్క) రిజర్వ్ బ్యాంక్‌కు పంపాలి. ఏపీఆర్‌గానీ, ఎఫ్ఎల్ఏగానీ, షేర్ సర్టిఫికెట్‌గానీ ఆలస్యమైతే ఒక్కోదానికి 7,500 రూపాయల లేట్ ఫీజు. డబ్బు కదలికకు సంబంధించిన ఫారం ఎఫ్‌సీ ఆలస్యమైతే 7,500కు తోడు మొత్తం మీద ఏడాదికి 0.025 శాతం. జరిమానా పెద్దది కాదు. కానీ అది సర్దుబాటు అయ్యేదాకా మీరు ఒక్క రూపాయి కూడా కొత్తగా పంపలేరు. అక్కడ జీతాలు ఆగే పరిస్థితి వచ్చినప్పుడు ఈ సంగతి బయటపడితే చాలా కష్టం.

సింగపూర్ వైపు గడువులు: ఆర్థిక సంవత్సరం ముగిసిన 3 నెలల్లో ఈసీఐ (పన్ను పడే ఆదాయపు అంచనా), 7 నెలల్లో ఆన్యువల్ రిటర్న్, నవంబరు 30 లోపు పన్ను రిటర్న్. ఆన్యువల్ రిటర్న్ ఆలస్యమైతే మూడు నెలల దాకా 300, ఆపైన 600 డాలర్లు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ పన్ను వర్తించే టర్నోవర్ పది లక్షల డాలర్లు దాటితేనే.

ఇండియా ఆదాయపు పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. నిర్ణయాలన్నీ ఇక్కడి నుంచే జరిగే విదేశీ కంపెనీని ఇండియా రెసిడెంట్‌గానే చూడవచ్చు, దాన్నే పోయెమ్ అంటారు. ఏడాది టర్నోవర్ 50 కోట్లు మించని కంపెనీలకు ఆ మార్గదర్శకాలు వర్తించవని సీబీడీటీ (ప్రత్యక్ష పన్నుల బోర్డు) 2017లోనే చెప్పింది, కాబట్టి ఇప్పటికి మీకు భయం లేదు. కానీ ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్‌కు (ఒకే గ్రూపు కంపెనీల మధ్య ధరల నిబంధనలకు) అలాంటి వెసులుబాటు లేదు. కోడ్ రాసేది ఇండియా కంపెనీ, ఇన్వాయిస్ వేసేది సింగపూర్ కంపెనీ. సింగపూర్ నుంచి ఇండియా కంపెనీకి న్యాయమైన ధర రావాలి, ఇద్దరి మధ్యా రాతపూర్వక ఒప్పందం ఉండాలి, మొత్తం ఎంత చిన్నదైనా సీఏ రిపోర్టు అక్టోబరు 31 లోపు వెళ్లాలి. సోర్స్ కోడ్ హక్కులు ఎవరివో ఆ ఒప్పందంలో మొదటి రోజే రాయండి. ఏమీ రాయకుండా సింగపూర్ కంపెనీ పేరుతో లైసెన్సులు అమ్మితే, ఆ హక్కులు ఏ ధరకు బదిలీ అయ్యాయని ఆఫీసర్ అడుగుతారు.

---

ప్రొడక్ట్‌రాజు

అందరికీ కృతజ్ఞతలు. నూరు శాతం కంపెనీ పేరు మీదే పెట్టి, 6 లక్షలు షేర్ క్యాపిటల్ పెంచే వైపు వెళ్తున్నాం. ఇంకో రెండు సందేహాలు. 60 లక్షలూ ఒకేసారి షేర్లుగా పంపాలా, కొంత అప్పుగా ఇవ్వొచ్చా? వ్యాపారం కుదరకపోతే మూసేయడం ఎలా?

---

ఫెమా_ఫైలు

అప్పుగా ఇవ్వొచ్చు. ముందు షేర్లు తీసుకుని కంట్రోల్ సంపాదించిన ఇండియా కంపెనీకే ఆ వీలు ఉంది. వ్యక్తులకు లేదు, వాళ్లు షేర్లుగానే వేయాలి. లోన్ అగ్రిమెంట్ ఉండాలి, వడ్డీ మార్కెట్‌కు తగ్గట్టు ఉండాలి, వడ్డీ లేని అప్పు కుదరదు. మీ విషయంలో 20 లక్షలు షేర్లు, మిగతాది అవసరాన్ని బట్టి అప్పు అంటే బాగుంటుంది. షేర్ క్యాపిటల్ వెనక్కి రావాలంటే క్యాపిటల్ తగ్గింపు ప్రక్రియ నడపాలి, అప్పు తిరిగి రావడానికి వాయిదా తేదీ చాలు. ప్రతి విడతకూ ఫారం ఎఫ్‌సీ ఇవ్వాలి, అదే యూఐఎన్ కింద, అదే బ్యాంకు ద్వారా.

డివిడెండ్, షేర్లు అమ్మిన సొమ్ము వంటివి రావాల్సిన తేదీ నుంచి 90 రోజుల్లో ఇండియాకు చేరాలి. అక్కడే ఉంచి వేరే పెట్టుబడి పెడదామనుకోవద్దు.

మూసివేతకు సింగపూర్‌లో స్ట్రైక్ ఆఫ్ (రిజిస్టర్ నుంచి పేరు తొలగింపు) ఉంది, ప్రభుత్వ ఫీజు లేదు. వ్యాపారం ఆగిపోయి ఉండాలి, ఆస్తులు, అప్పులు, పన్ను బాకీలు ఏవీ ఉండకూడదు. నెలల తరబడి సాగుతుంది. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, అక్కడ పేరు కొట్టేశారు కదా అని ఇక్కడ వదిలేస్తారు. రిజర్వ్ బ్యాంక్ రికార్డులో యూఐఎన్ బతికే ఉంటుంది, ఏటా ఏపీఆర్ బాకీ పడుతూనే ఉంటుంది. కాబట్టి స్ట్రైక్ ఆఫ్ దరఖాస్తుకు ముందే పాత ఏపీఆర్‌లన్నీ పూర్తి చేయండి, ఆఖరి ఆడిట్ చేయించండి, బ్యాంకు ఖాతాలో మిగిలింది ఇండియాకు రప్పించండి. ఆ సొమ్ము వచ్చిన 30 రోజుల్లో ఫారం ఎఫ్‌సీలో డిజిన్వెస్ట్‌మెంట్ (పెట్టుబడి వెనక్కి తీసుకోవడం) చూపించండి. పెట్టిన దానికంటే తక్కువ వస్తే ఆ తేడాకు కారణం, ఆఖరి లెక్కలు బ్యాంకు అడుగుతుంది. నామినీ డైరెక్టర్‌ను, సెక్రటరీని స్ట్రైక్ ఆఫ్ పూర్తయ్యేదాకా కొనసాగించాలి, వాళ్ల ఆ నెలల ఫీజు కూడా ముందే లెక్కలో పెట్టుకోండి.

---

సెక్రటరీ_ఎస్‌జీ

ఒక చిన్న చేర్పు. తర్వాతి విడత షేర్లు ఇచ్చినప్పుడు అలాట్‌మెంట్ రిటర్న్ 14 రోజుల్లో వేయాలి. ప్రైవేట్ కంపెనీలో అక్రా (సింగపూర్ కంపెనీల రిజిస్ట్రీ) ఎలక్ట్రానిక్ రిజిస్టర్‌లో ఎక్కాకే అలాట్‌మెంట్ చెల్లుబాటు అవుతుంది. అందుకే సర్టిఫికెట్‌తో పాటు తాజా బిజ్‌ఫైల్ ప్రొఫైల్ కాపీ కూడా మీ ఇండియా బ్యాంకుకు ఇవ్వండి. రెండింటిలో షేర్ల సంఖ్య, వాటాదారు పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయేమో చూసుకోండి. "ప్రైవేట్ లిమిటెడ్" అని ఒకచోట పూర్తిగా, ఇంకోచోట కుదించి ఉంటే కూడా ఫైలు వెనక్కి వస్తుంది.